జారినవాని తప్పు ఎక్కడ మొదలైనది?



గడచిన వర్షకాలములో ఒక సాయంత్రము మా సంఘస్థుడొకడు మా అరుగుమీద తల వంచుకొని కూర్చుండెను. అతడు లారీ డ్రైవరు. సాలూరు లారీల ఊరు గనుక అట్టివారు మనలో అనేకులు గలరు. కోరాపుట్ ఘాటు దిగుచుండగా వానలో అతని లారీ మలుపువద్ద జారి కొండగట్టును కొట్టుకొనెను. క్లీనరు కుర్రవాని కాలు విరిగెను. "నేల జారిపోతే నేనేటి చేస్తాను అయ్యగారూ? బ్రేకు తొక్కినాను కదా!" అని అతడు అడిగెను. మాకు వెంటనే జవాబు తోచలేదు.

విమానాశ్రయములో సామాను ఎక్కించు పని చేయు మా సంఘ యౌవనుడొకడు సెలవుమీద వచ్చి ఆ వేళ అక్కడనే యుండెను. "బాబాయ్, తడినేల మీద విమానాలూ జారతాయి" అని అతడు చెప్పిన మాట మమ్మును ఆలోచింపజేసెను. తరువాత ఆ సంగతిని గూర్చి మరికొంత చదివి తెలిసికొంటిమి.

విమానము నేలమీద నడచుటను టాక్సీ చేయుట అందురు. లారీలో ఇంజను చక్రములను త్రిప్పును. విమానములోనైతే ఇంజనులు గాలిని వెనుకకు నెట్టగా అది ముందుకు సాగును. చక్రములు ఊరక దొర్లును. అయినను మలుపు తిరుగుటకును ఆగుటకును టైరు నేలను పట్టుకొనవలసినదే. నిండుగా నింపిన బోయింగు 737-800 విమానము 70 టన్నులకు పైబడి తూగును. నేలమీద దానిని మలుపు త్రిప్పునవి ముక్కు క్రిందనున్న రెండు చిన్న చక్రములు. దిగు విమానముల టైర్ల రబ్బరు రన్‌వేకు అంటి నున్నని పూతగా ఏర్పడును. దానిమీద సన్నని నీటిపొర చేరినయెడల పాచిపట్టిన బావిగట్టువలె జారును. చలిదేశములలో మంచుగడ్డ ఆ పని చేయును. పట్టు తప్పినప్పుడు ముందుచక్రము ప్రక్కకు తిరిగియున్నను విమానము తిన్నగానే పోవును. 2020 జనవరి 17న అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఒక విమానము ఈ విధముగానే మంచుమీద జారి, దాని ముక్కుచక్రము టాక్సీ దారి విడిచి మట్టిలోనికి పోయెను.

అందుచేత పైలటులకు వేగము విషయమై కట్టుబాట్లు కలవు. తిన్నని దారిలో గంటకు సుమారు 37 కిలోమీటర్లు, గట్టి మలుపులో 18 కిలోమీటర్లు లేక అంతకు తక్కువ, జారుడు నేలమీద ఇంకను తక్కువ. ఆ వేగమును తగ్గించవలసినది మలుపులో కాదు, మలుపునకు ముందు.

ఇక్కడనే మా ప్రశ్నకు దారి దొరికెను. జారుచున్న ఘడియలో మనిషి చేయగలిగినది చాల స్వల్పము. చేతకానిదానికి ఎవరినైనను నిందించుట న్యాయము కాదు. కాని చేతనైన ఘడియ ఒకటి అంతకు ముందే గడచియున్నది. లెక్క చెప్పవలసినది ఆ ఘడియకే.

2020 ఆగస్టు 7న దుబాయి నుండి వచ్చిన విమానము కోళికోడ్‌లో వానలో దిగి, రన్‌వే దాటి పల్లములోనికి పడెను. ఇద్దరు పైలటులతో సహా 21 మంది మరణించిరి. విచారణ చేసినవారు వానమీద నెపము వేసి ఊరకుండలేదు. రన్‌వే సుమారు సగము గడచిన తరువాతనే చక్రములు నేలను తాకెననియు, మరల పైకి లేవుమని సహపైలటు చెప్పినను విమానము దించబడెననియు తేల్చిరి. అయితే వారు ఒక్క మనిషితో ఆగక, వ్యవస్థలోని లోపములను కూడ కాదనలేమని వ్రాసిరి.

మరునాడు మేము ఆ డ్రైవరును, "మలుపునకు ముందు ఎంత వేగముతో వచ్చితివి?" అని అడిగితిమి. అతడు చాలసేపు మాటలాడలేదు. "ఎండలో వచ్చినంతే అయ్యగారూ" అనెను. ఏలయని అడుగగా మా ముఖము చూచి, "మీరు రెండుసార్లు ఫోను చేసినారు కదా" అనెను.

నిజమే. యౌవనుల కూటమునకు పొట్టంగి వైపు నుండి బల్లలు తెచ్చుచున్నవాడు అతడే. చీకటి పడకముందే చేరుమని తొందరపెట్టినవారము మేమే. మేము ఆ లారీలో లేము. అయినను ఆ వేగములో మా తొందర యుండెను.

ఆసాపు 73వ కీర్తనలో తన అడుగు జారబోయిన సంగతి చెప్పుకొనెను. ఆ జారుట పాదములో మొదలుకాలేదు. భక్తిహీనుల క్షేమమును చూచి ఓర్వలేని కంటిలో మొదలైనది. మన సంగతియు అంతే. కల్లుపాకలో మూడవ ముంతవద్ద ఆగలేనివాడు, పాక దారి పట్టకముందు ఆగగలిగినవాడే. ఇంట చేయి లేచిన తరువాత కోపము పట్టశక్యము కాదనువాడు, మొదటి మాటవద్ద నోరు మూసికొనగలిగినవాడే.

"నీ తప్పేమియు లేదు" అని ఆ సహోదరునితో చెప్పియుంటిమేని అది అబద్ధపు ఆదరణ యగును. "అంతయు నీదే" అనినయెడల అన్యాయమగును. తరువాతి ఆదివారమున మా తొందరను గూర్చి సంఘము ఎదుట మేము ఒప్పుకొంటిమి. కుర్రవాని వైద్యపు ఖర్చులో సగము అతడును సగము మేమును భరించితిమి. ఆ కుర్రవాడు ఇప్పుడు కర్ర లేకుండ నడచుచున్నాడు.

చదువరులారా, జారినవానిని చూచినప్పుడు వాని మలుపునకు ముందరి దారిని చూడుడి. అక్కడ మన అడుగుల జాడ కూడ కనబడవచ్చును. మేమైతే ఘాటుమీదనున్న వానికి ఇక ఫోను చేయము.