మూడో తరగతిలో మనస్సాక్షి

ఎక్కాలు, తెలుగు వాచకం, పరిసరాల విజ్ఞానం చదవడంలో కతోలిక బడిలోని మూడో తరగతి పిల్లలకూ ఇతర బడుల పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఆ తేడా సత్యోపదేశం, అంటే విశ్వాస పాఠం, చెప్పే పీరియడ్‌లో కనిపిస్తుంది. జ్ఞానస్నానం పొందిన పిల్లలు ఇంచుమించు ఈ వయసులోనే మొదటి పాపసంకీర్తనానికి, అనగా చర్చి ఫాదర్ ఎదుట పాపాలు చెప్పుకొని క్షమాపణ పొందే సంస్కారానికి, ఆ తరువాత రొట్టెను క్రీస్తు శరీరంగా స్వీకరించే తొలి దివ్యసత్ప్రసాదానికి సిద్ధమవుతారు.

వివేకం వచ్చిన ప్రతి విశ్వాసీ ఏటా ఒకసారైనా ఈ రెండింటినీ స్వీకరించాలని 1215లో కతోలిక సంఘపు నాల్గవ లాటరన్ మహాసభ విధించినా, ఆ వివేకం ఏ వయసుకు వస్తుందన్న మాట మీద ఏకాభిప్రాయం కుదరక, ఐరోపాలో చాలాచోట్ల పిల్లలను పది పన్నెండేళ్ల వరకూ ఆపేవారు. పదవ పయస్ పోపుగా ఉండగా 1910 ఆగస్టు 8న వెలువడిన ఆదేశం ఆ వయసును సుమారు ఏడేళ్లుగా నిర్ణయించి, మామూలు రొట్టెకూ సత్ప్రసాదానికీ భేదం తెలిస్తే చాలునన్నది.

అయితే ఎనిమిదేళ్ల బిడ్డ చెప్పుకోవలసిన పాపం ఏముంటుంది? విషయం గురుతరమైనదై, అది పాపమని పూర్తిగా తెలిసి, మనసారా సమ్మతించి చేస్తేనే చావైన పాపమని తిరుసభ, అంటే కతోలిక సంఘం, బోధిస్తుంది గనుక, పక్కవాడి పెన్సిలు తీసుకోవడం, అమ్మకు అబద్ధం చెప్పడం, తమ్ముణ్ణి కొట్టడం వంటివి స్వల్ప పాపాలే అవుతాయి. పరలోక జపాన్ని తడుముకోకుండా అప్పజెప్పే పిల్లవాడు సైతం, ‘నిన్న నువ్వేం చేశావో తలచుకో’ అనగానే ఆగిపోతాడు. ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు పుస్తకంలో ఉండదు. భయపెట్టి చెప్పిస్తే ఈ అభ్యాసం చెడిపోతుంది (అలా చెడిన సందర్భాలు తక్కువేమీ కావు). సవ్యంగా చెబితే, తప్పును దాచకుండా పేరుపెట్టి చెప్పడం, క్షమ పొందడం, తీసుకున్నది తిరిగి ఇచ్చేయడం అనే మూడూ ఒకే క్రమంగా పిల్లవాడి మనసులో పాతుకుంటాయి.

అయితే కతోలిక బడిలోని పిల్లలందరికీ ఈ పాఠం చెప్పరు. ఆంధ్రప్రదేశ్‌లోని జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలనే తీసుకుంటే, అవి 1937లో ఏర్పడిన విజయవాడ మేత్రాసనం, అంటే పీఠాధిపతి పాలనా క్షేత్రం, పరిధిలోనివి. కతోలిక బడుల్లో చదివేవారిలో ఇతర మతాల పిల్లలే ఎక్కువ. ఈ ప్రాంతంలోని పరిటాలలో రహదారి పక్కనున్న 135 అడుగుల ఆంజనేయస్వామికి దండం పెట్టుకొనే ఇళ్ల పిల్లలు వారిలో ఉండడం సహజం. సంరక్షకుల సమ్మతి లేనిదే మైనరును మతబోధకు హాజరుపరచరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతున్నందువల్ల వారికి ఆ పీరియడ్‌లో మోరల్ సైన్స్ చెబుతారు. ఈ ఏర్పాటు న్యాయమైనదే గానీ, మోరల్ సైన్స్ వాచకం అబద్ధమాడకు, దొంగిలించకు అని చెప్పినంత గట్టిగా, ఆ తప్పు జరిగిపోయాక ఏం చేయాలో సాధారణంగా చెప్పదు. విజయవాడలోని గుణదల మరియమాత తిరునాళ్లకు వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చే హిందూ కుటుంబాలకు మరియమ్మ పరాయిది కాకపోయినా, పాపసంకీర్తనం వారి బిడ్డకు చెందని సంస్కారం. కాబట్టి పెన్సిలు తిరిగి ఇచ్చేసి తప్పు ఒప్పుకొనే పద్ధతిని ఆ బిడ్డకు ఇంట్లోవాళ్లో, మనసున్న తరగతి టీచరో నేర్పవలసి ఉంటుంది.