తెరపి



విశాఖపట్టణమునుండి అరకు పోవు దారిలోని అనంతగిరి కొండలలో గుడారము వేసికొని, వాన వెలియుటకు కనిపెట్టుచున్నావనుకొనుము. తెల్లవారుసరికి వాన వెలిసినది. వెంటనే కొండగెడ్డ దాటవచ్చునా? కూడదు. పైకొండల మీద కురిసిన నీరు ఇంకను దిగుచునేయుండును. తలపైని ఆకాశము తేటపడినను, కాళ్లయొద్ద ప్రవాహము పెరుగును.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమున తీరము దాటెను. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచి, నడుమ కొంతసేపు నిలిచెను. అది తుఫాను కన్ను. అది దాటగానే గాలి ఎదుటి దిక్కునుండి మరల కొట్టెను.

గాలివానలో ఎవడైనను ఆగును. భయమే వానిని ఆపును. తెరపిలో ఆగుటయే ఓర్పు. "దేవుడు కాపాడునులే" అని పొంగిన గెడ్డలో దిగుట విశ్వాసము కాదు, ఆయనను శోధించుటయే. నోవహు నేల ఆరుట చూచియు, దేవుడు చెప్పువరకు ఓడ విడువలేదు.

అన్నదమ్ముల తగవు నేడు చల్లారినట్లు తోచినదా? సంతోషించుము, గాని ఈ రాత్రియే పొలముగట్టు మాట ఎత్తకుము. పాతమాటల నీరు ఇంకను దిగుచున్నది. గెడ్డ తగ్గనిమ్ము, ఆ తరువాత నీవే ముందుగా దాటి వెళ్లుము.