రోగికి నింద తగునా?



యూసుఫ్‌గూడకు సమీపముననున్న ఎర్రగడ్డ పేరు చెప్పగానే మన జనులు పిచ్చాసుపత్రి అని నవ్వుదురు. క్షయరోగులు ఎందరో చికిత్స పొందిన ఛాతీ ఆసుపత్రియు ఆ ఎర్రగడ్డలోనే వెలసినది. మనస్సునకు ఒకచోట, దేహమునకు మరియొకచోట వైద్యము జరుగుచున్నను, మనుష్యునిలో ఆ రెంటికి మధ్య గోడ లేదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

1975లో అమెరికాలో ఆడర్, కోహెన్ అను ఇద్దరు ఎలుకలకు తీపినీటితో కూడ రోగనిరోధక శక్తిని తగ్గించు మందునిచ్చిరి. తరువాత మందు లేకుండ తీపినీరు మాత్రమే ఇచ్చినను ఆ శక్తి తగ్గెను! 1995లో ప్రకటింపబడిన మరియొక పరిశోధనలో, మతిమరపు వ్యాధిగల బంధువులకు సేవచేయు స్త్రీల చేతిమీద చిన్న గాయము చేసి చూచిరి. ఇతరులకంటె వారికి గాయము మానుటకు సుమారు 9 దినములు అధికముగా పట్టెను. ఎడతెగని చింతలో మెదడు మూత్రపిండములమీది గ్రంథులను ప్రేరేపించును. అవి విడుచు కార్టిసాల్ తెల్లరక్తకణముల పనిని అణచును.

ఇది విని కొందరు పరామర్శకు పోయి, “నీవు చింతించినందుననే జబ్బు వచ్చినది, నీకు విశ్వాసము చాలదు” అని మంచము ప్రక్కనే చెప్పుచున్నారు. యోబు స్నేహితులు ఇంతకంటె ఏమి చేసిరి? నాకిది క్రూరముగా తోచుచున్నది. క్షయకు కారణము సూక్ష్మక్రిమి; 1882లో కోఖ్ దొర దానిని కనుగొనెను. చింత దేహమును బలహీనపరచవచ్చును గాని క్రిమిని పుట్టింపనేరదు.

మరియు ఈ దారి రెండువైపుల నడుచును. రోగముతో పోరాడు కణములు విడుచు పదార్థములు మెదడునకు వార్త పంపును. అప్పుడు ఆకలి చచ్చును, మగత కమ్మును, నలుగురిలో కూర్చుండ బుద్ధి పుట్టదు. జ్వరములో మనమందరము ఎరిగినదే. కాబట్టి రోగి దిగులులో కొంత రోగము చేసిన పనియే. అది అవిశ్వాసమని ఏ త్రాసుతో తూచగలము?

కృష్ణానగర్‌లో షూటింగు పిలుపుకొరకు కనిపెట్టుకొనియుండు జూనియర్ ఆర్టిస్టుతో “చింతపడకుము” అనుట సులభము. అతని చింత ఇంటి అద్దె. అందులో కొంత మనము భరింపవచ్చును. రాత్రులు మేలుకొన్న అతని భార్యను ఇంటికి పంపి, ఒక పూట మంచము ప్రక్కన మనమే కూర్చుండవచ్చును. అయినను మందునకు బదులు ఏదియు లేదు. క్షయకు సాధారణముగా ఆరు నెలలు మాత్రలు తప్పక మ్రింగవలెను. ఒళ్లు తేలికపడినదని రెండవ నెలలోనే మానివేయువారు కలరు. అట్టివారికి జ్ఞాపకము చేయుటకు ప్రక్కింటివారొకరు చాలును.