ఆ రాత్రి ఎవరిది?

2024 నవంబర్ 15న శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ దగ్గరి జీఎంఆర్ అరీనాలో దిల్జిత్ దోసాంజ్ కచేరీ జరిగింది. సిటీ నుంచి ఆరాంఘర్, గగన్‌పహాడ్, సాతంరాయి దాటుకుంటూ హైవే మీద పోవాల్సిన చోటు. కచేరీకి ముందే రంగారెడ్డి జిల్లా అధికారుల నుంచి నోటీసు వచ్చింది: మద్యాన్నీ డ్రగ్స్‌నీ హింసనీ పొగిడే పాటలు పాడొద్దు, పిల్లల్ని స్టేజీ మీదకి పిలవొద్దు అని. ఆ నోటీసుకి ఆధారం, మూడు వారాల ముందు ఆయన ఢిల్లీలో పాడినప్పటి వీడియోలు. ఫిర్యాదు చేసినాయన వాటినే సాక్ష్యంగా పెట్టారు. దిల్జిత్ పాటలు మానలేదు. మద్యం మాట వచ్చిన చోట కోక్ అనీ ఇంకోటనీ మార్చి పాడేశాడు.

ఇప్పుడు ఆ టూర్ రికార్డింగులన్నీ పోగేసుకునే అభిమాని ఎవరైనా ఉంటే, వాడికి హైదరాబాద్ రాత్రి ప్రత్యేకం. ఆ మాటలతో ఆ పాటలు ఇక్కడే పుట్టాయి కదా. ఒక ఊళ్ళో రికార్డింగు ఆఫీసరు బల్ల మీద సాక్ష్యం, ఆ సాక్ష్యం వల్ల ఇంకో ఊళ్ళో పుట్టిన రికార్డింగు అభిమానికి నిధి. మొదట నవ్వొచ్చింది నాకు. తర్వాత కొంచెం భయమేసింది. ఒక మనిషి ఒక రాత్రి గొంతెత్తి పాడి ఇంటికెళ్ళిపోయాక, ఆ రాత్రి ఎవరి సొత్తు? పాడినవాడిదా, టికెట్టు కొన్నవాడిదా, రికార్డ్ బటన్ నొక్కినవాడిదా? లేక ఆ రాత్రికి ఇంకా పుట్టని వాళ్ళదా?

పాత కచేరీ రికార్డింగుల పిచ్చికి ప్రపంచంలో పెద్ద గుడి ఒకటుంది. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్. 1965 నుంచి 1995లో జెర్రీ గార్సియా చనిపోయేదాకా రెండువేల పైచిలుకు కచేరీలు చేశారు. ఏ రెండు రాత్రులూ ఒకేలా ఉండవు. పాటల వరస మారేది, ఒకే పాట ఒకరోజు ఆరు నిమిషాలైతే ఇంకోరోజు ఇరవై దాటేది. దాంతో జనం మైకులు పట్టుకుని వచ్చి రికార్డు చేసుకోవడం మొదలుపెట్టారు. బ్యాండు వాళ్ళని తరిమేయలేదు సరికదా, 1984లో రికార్డు చేసుకునేవాళ్ళ కోసం హాల్లో విడిగా చోటు కేటాయించింది. షరతు ఒక్కటే, అమ్ముకోకూడదు. చేతులు మారొచ్చు, డబ్బు మారకూడదు.

వాళ్ళలో అందరూ చెప్పుకునే రాత్రి 1977 మే 8, కార్నెల్ యూనివర్సిటీలోని బార్టన్ హాల్. దాన్ని రికార్డు చేసింది బ్యాండు సౌండ్ ఇంజనీరు బెట్టీ కాంటర్-జాక్సన్. తర్వాత్తర్వాత ఆవిడ బతుకు బండి పట్టాలు తప్పి, టేపులు దాచిన గోడౌన్ అద్దె కట్టలేకపోయింది. 1986లో సామాను వేలం వేశారు. అలా ఆ టేపులు బయటివాళ్ళ చేతుల్లో పడి, కాపీలై, కాపీలకి కాపీలై ఊరూరా తిరిగాయి. చివరికి ఆ రికార్డింగుని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చారు. అధికారికంగా ఆల్బమ్‌గా వచ్చింది మాత్రం 2017లో, నలభై ఏళ్ళ తర్వాత. (అసలా కచేరీ జరగనే లేదని ఒక వేళాకోళపు పుకారు కూడా అభిమానుల్లో ఉంది. ఏ గుడికైనా నాస్తికులు ఉండాలిగా.)

అందరూ ఆనందించే ఈ కథలో అద్దె కట్టలేని ఒక మనిషి ఉంది. మనం వినే సంగీతం ఆమె చేతి పని. అది ఆమె చేయి దాటిపోయింది కాబట్టే మనదాకా వచ్చింది. ఈ చిక్కు తర్వాత ఎన్ని ఉదాహరణలు తీసుకున్నా వదలదు.

ఇదంతా పరాయి గొడవ అనుకోవద్దు. మన దగ్గర పద్యనాటకం ఉంది. తిరుపతి వేంకట కవుల కృష్ణరాయబారం పద్యాలు పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, ఏ.వి. సుబ్బారావు గొంతుల్లో ఊరూరా తిరిగాయి. ఒక్కొక్కరిది ఒక్కో బాణీ, ఒక్కో రాగం లాగుడు. జనం వన్స్ మోర్ అంటే అదే పద్యం మళ్ళీ, మళ్ళీ. ఆ వన్స్ మోర్‌లో ఉన్నది ఇదే కోరిక కదా, అయిపోతున్నదాన్ని ఆపుదామని. కాకపోతే మళ్ళీ పాడినప్పుడు అదే పద్యం రాదు, ఇంకో పద్యం వస్తుంది. నటుడు మొదటిసారి కంటే ఒక మెట్టు పైకెక్కుతాడు, లేదా గొంతు జీరపోతుంది. టేపు రికార్డరు వచ్చాక వన్స్ మోర్ అర్థం మారిపోయింది. రివైండ్ నొక్కితే వచ్చేది అక్షరాలా అదే. అభిమాని మెచ్చేది మళ్ళీ జరగనిదాన్ని, చేసేది దాన్నే వందసార్లు జరిపించడం. వందోసారి వినేటప్పటికి ఆ రాత్రి గాయకుడు అప్పటికప్పుడు తీసిన సంగతి కూడా మనకి స్టూడియో రికార్డులా కంఠతా వచ్చేస్తుంది. అది అక్కడ రాకపోయి కూడా ఉండొచ్చు అన్న స్పృహ పోతుంది. ఈ పిచ్చిలో నాకు కనిపించే అసలు నష్టం ఇది, చట్టం గొడవ కాదు.

అయినా లాభం ఎంత పెద్దదో వోలేటి వేంకటేశ్వర్లు గారిని తలుచుకుంటే తెలుస్తుంది. 1928లో పుట్టి 1989లో పోయారు. పనిచేసింది ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో. కర్ణాటక సంగీతం పాడుతూనే బడే గులాం అలీ ఖాన్ గాలి తగిలిన గొంతు అని వినేవాళ్ళంతా గుర్తుపట్టే గానం. పేరు కోసం పాకులాడిన మనిషి కాదు. బజార్లో కొనుక్కోగలిగిన రికార్డులు చాలా కొద్ది. మరి విజయవాడ రేడియో అందని ఊళ్ళో, ఆయన పోయాక పుట్టిన వాళ్ళకి కూడా ఆయన పాట ఎలా తెలుసు? రేడియో ముందు క్యాసెట్ రికార్డరు పెట్టుకుని కూర్చున్నవాళ్ళ వల్ల. కచేరీల్లో అడిగో, అడక్కుండానో టేపు తిప్పినవాళ్ళ వల్ల. టేపు ఖరీదైన రోజుల్లో ఉన్నదాన్ని చెరిపేసి దాని మీదే కొత్తది రికార్డు చేయడం ప్రపంచమంతా ప్రసార సంస్థలు చేసిన పనే, బీబీసీ కూడా అతీతం కాదు. సంస్థ చెరిపేసిన చోట ఎవరో గుమాస్తా, ఎవరో లెక్కల మాస్టారు ఇంట్లో దాచినది మిగులుతుంది.

చట్టం ఏమంటుంది? మన 1957 కాపీరైట్ చట్టంలో పాడేవాడికి తన ప్రదర్శన మీద హక్కంటూ 1994 సవరణతో గానీ రాలేదు. ఇప్పుడు ఆ హక్కు యాభై ఏళ్ళు. 2012లో ఇంకో సెక్షన్ చేరింది: ప్రదర్శనని వికృతం చేసి తన పరువు తీస్తే కళాకారుడు అడ్డుకోవచ్చు. వీటి మధ్యలో 39వ సెక్షన్ ఉంది. సొంతంగా వినడానికి రికార్డు చేసుకుంటే అది ఉల్లంఘన కాదు. అంటే బీరువాలో దాచుకున్నవాడు సేఫ్, పక్కింటాయనకి కాపీ చేసిచ్చినవాడు ఇరుకున పడతాడు.

రికార్డింగులు పోగేసేవాళ్ళ లోకంలో నీతి సరిగ్గా దీనికి తలకిందులు. అక్కడ పంచేవాడు పుణ్యాత్ముడు, దాచేవాడు పాపి. "నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు" అని మీసం మెలేసే మనిషి ప్రతి ఊళ్ళో ఒకడుంటాడు. వినిపిస్తాడు, పక్కన కూర్చోబెట్టుకుని, తనకి బుద్ధి పుట్టినప్పుడు. కాపీ మాత్రం ఇవ్వడు. క్యాసెట్ టేపు మీది పూత ఏటేటా రాలుతుంటుంది, బూజు పడుతుంది. ఆయన పోయాక పిల్లలు బీరువా ఖాళీ చేసి పాతసామాన్లవాడికి వేస్తారు. ఆయన చట్టాన్ని ఇసుమంత కూడా మీరలేదు. ఒక గాయకుడి గొంతుని రెండోసారి చంపాడంతే.

ఈ రెండు నీతుల్లో అభిమానులదే న్యాయానికి దగ్గరగా ఉందని నా అభిప్రాయం. కానీ మొత్తంగా కాదు. గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్ళు ముందే సరే అన్నారు, గార్సియా తడబడ్డ ఆఖరి ఏళ్ళ రాత్రులతో సహా. మన విద్వాంసుల్ని అడిగిందెవరు? పైగా పాడేవాడు ఒక్కడే హక్కుదారు కాదు. 2017లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అమెరికా టూర్‌లో ఉండగా, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా వైపు నుంచి నోటీసు వెళ్ళింది. బాలు ఆ టూర్‌లో వాటిని పక్కనపెట్టేశారు. ఇద్దరూ మళ్ళీ కలిశారనుకోండి. కానీ ఒక పాట రాత్రి స్టేజీ మీద ఎవరిదో పాడిన మనిషికే తేలనప్పుడు, మూడో వరసలో టేపు తిప్పుతున్నవాడికి తేలిగ్గా తేలుతుందా?

నేను వేసుకునే ప్రశ్న వేరు. ఎవరి కోసం పాడారు? రేడియోలో పాడినది ఊరందరికీ పాడినట్టే. పొద్దున్నే భక్తిరంజని వింటూ దోసెలు పోసుకునేవాళ్ళకీ, కాలవ గట్టు మీద ట్రాన్సిస్టర్ పెట్టుకున్నవాడికీ, అందరికీ. దాన్ని పట్టి దాచి పంచితే, ఆ పాట వెళ్ళాలనుకున్న దారినే ఇంకాస్త దూరం తీసుకెళ్ళినట్టు. స్నేహితుడి ఇంట్లో చాప మీద పదిమందికి పాడినది అలా కాదు. అక్కడ గాయకుడు మధ్యలో సాహిత్యం మర్చిపోతాడు, కాఫీ అడుగుతాడు, తోటి విద్వాంసుడి మీద ఒక మాట విసురుతాడు. ఇలాంటి టేపుల్లో పాట కంటే ఆ మాటల కోసమే ఎగబడేవాళ్ళున్నారు. వినాలనిపించడం సహజం. కానీ ఆ మాట ఆ పదిమందిని నమ్మి అన్నది. పదిమంది పదివేలు అయితే ఆ నమ్మకాన్ని మనం వాడుకున్నట్టు. పాటని పంచి మాటని కత్తిరించొచ్చుగా అంటారా? అదీ అంత తేలిక కాదు, ఆ విసురు తర్వాత అందుకున్న రాగంలో ఆ కసి వినిపిస్తుంటే.

ఇంతకీ రికార్డు చేసే మనిషి గురించి ఎవరూ మాట్లాడరు. కచేరీలో టేపు పట్టేవాడికి ఒక నియమం ఉంటుంది: మైకు దగ్గర చప్పట్లు కొట్టకూడదు, కూడా పాడకూడదు, పక్కవాడితో ఆహా అనకూడదు. హాలంతా ఊగిపోతుంటే వాడు చేతులు కట్టుకుని సూది ఎటు ఊగుతోందో చూస్తూ కూర్చుంటాడు. క్యాసెట్ తిరగేసే టైము పాట మధ్యలో రాకూడదని దేవుడికి మొక్కుకుంటాడు. తన రాత్రిని తను పోగొట్టుకుని, రాని వాళ్ళకి పంపిస్తాడు. రికార్డింగులో వాడి గొంతు మాత్రం ఎక్కడా ఉండదు. మంచి రికార్డింగు అంటేనే వాడు అక్కడ లేనట్టు ఉండాలి.

ఇప్పుడు అరీనాలో వేల ఫోన్లు లేస్తాయి. ఎవరి ఫోన్‌లో చూసినా అరనిమిషం క్లిప్పు, అందులో పాట కంటే గట్టిగా ఫోన్ పట్టుకున్నవాళ్ళ అరుపు. ఆ క్లిప్పు చెప్పేది "నేనక్కడున్నాను" అని. పాత టేపు చెప్పేది "మీరు కూడా ఉండుంటే బాగుండేది" అని. వేలమంది రికార్డు చేసిన రాత్రికి మొదటినుంచి చివరిదాకా ఒక్క రికార్డింగు దొరకడం కష్టమయ్యే కాలం ఇది. ఇది యువతరాన్ని తిట్టడానికి కాదు, ఆ అరుపుల్లో కూడా ఒక నిజం ఉంది. 1966లో మాంచెస్టర్‌లో బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తుంటే జనంలోంచి ఎవరో "జూడాస్" అని అరిచారు. ఆ కచేరీ దొంగ రికార్డు చాలా ఏళ్ళు లండన్ ఆల్బర్ట్ హాల్‌ది అన్న తప్పు పేరుతో తిరిగింది, 1998లో అధికారికంగా వచ్చినప్పుడూ ఆ పేరు కొటేషన్ మార్కుల్లో మిగిలిపోయింది. ఆ అరుపు తీసేస్తే ఆ రికార్డింగుకి అంత విలువ ఉండేదా?

అందుకే శుభ్రం చేసేవాళ్ళంటే నాకు కొంచెం అనుమానం. పాత టేపుని కంప్యూటర్లోకి ఎక్కించి హిస్ తగ్గిస్తారు, శ్రుతి తేడా ఉంటే వేగం సరిచేస్తారు. అంతవరకూ మంచి పనే. టేపు నెమ్మదిగా తిరిగి గొంతు మారిపోతే అది గాయకుడి గొంతు కాదుగా. కానీ సాఫ్ట్‌వేర్ అక్కడితో ఆగదు. రేడియో పక్కన క్యాసెట్ పెట్టి రికార్డు చేసిన టేపుల్లో పాటతో పాటు ఆ ఇల్లు కూడా ఉంటుంది. దూరంగా కుక్కర్ కూత, తలుపు చప్పుడు, మాట్లాడబోయిన పిల్లాణ్ణి ఎవరో ఉష్ష్ అని ఆపడం. సాఫ్ట్‌వేర్‌కి అదంతా చెత్త. రాగం వెనక నించి ఆ ఉష్ష్‌ని ఎత్తి పారేయడానికి దానికి అరనిమిషం చాలు.

ఆ ఉష్ష్ ఎవరిదో మనకి తెలీదు. ఆ ఇంటావిడని ఎవరూ అనుమతి అడగలేదు, చట్టం ప్రకారం ఆవిడ కళాకారిణీ కాదు. టేపు కవరు మీద రాగం పేరు, మృదంగం ఎవరో, వయొలిన్ ఎవరో ఉంటాయి. ఆవిడ పేరు ఉండదు. డిజిటైజ్ చేసే మిత్రులు రెండు ఫైళ్ళు పెడుతున్నారు, శుభ్రం చేసినదొకటి, చేయనిదొకటి. రెండోది డౌన్‌లోడ్ చేసుకునేవాళ్ళు తక్కువేనట.