గడువుకు ముందున్న రోజుల లెక్క

జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరతో కిటకిటలాడుతుంది. ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి వస్తూనే ఉంటుంది. చుట్టుపక్కల పల్లెల్లో మాత్రం చాలా ఇళ్లకు తాళాలు కనబడతాయి. మిరపకాయల కోతకు గుంటూరు వైపు సుగ్గికి పోయినవాళ్లు వేసిన తాళాలవి. డిగ్రీ పిల్లల సెమిస్టరు కూడా ఈ రోజుల్లోనే నడుస్తుంటుంది. అసైన్‌మెంటు, సెమినారు, ప్రాజెక్టు, వ్యాసం, ఒక్కోదానికి ఒక్కో ఆఖరు తేదీ.

ఆ తేదీ తరగతిలో అందరికీ ఒకటే. దానికి ముందు చేతిలో ఉండే సమయం మాత్రం అందరికీ ఒకటి కాదు.

తుంగభద్ర దిగువ కాలువ ఈ ప్రాంతం గుండానే పోతున్నా చాలా పొలాలకు వానే దిక్కు. వాన మొహం చాటేస్తే కుటుంబాలకు సుగ్గి తప్పదు. అమ్మానాన్నలు సుగ్గికి వెళ్లాక ఇంట్లో మిగిలేది ముసలివాళ్లు, చదువుకునే పిల్లలు. పొయ్యి మొదలుకొని పశువుల దాకా అన్నీ వాళ్ల మీదే పడతాయి. అలాంటి ఇంటి అమ్మాయి వ్యాసం రెండు రోజులు ఆలస్యంగా ఇస్తే 'శ్రద్ధ లేదు' అని తేల్చేయడం అన్యాయం. అలాగని గడువే వద్దంటే ఆమెకు మేలు జరగదు. ఎవరూ అడగని పని ఇంటిపనుల కింద నలిగిపోతుంది. 'రేపు కాలేజీలో ఇయ్యాల అవ్వా' అంటే అవ్వ కూడా ఇంకో పని చెప్పదు. గడువు ఆ అమ్మాయికి ఇంట్లో ఒక గంట సంపాదించిపెడుతుంది. కాబట్టి గడువు ఉండాలి. అది ఎలా ఉండాలన్నదే ఆలోచించాల్సిన సంగతి.

డిజిటల్ మీడియా చదువులో సమయం చాలని చిక్కు ఇంకా పెద్దది. ఎమ్మిగనూరు నేతగాళ్ల మీద ఐదు నిమిషాల చిత్రం తీయాలి, దానికి తోడు ఒక వ్యాసం రాయాలి అనుకుందాం. షూటింగు ఒక్క పూటలో అయిపోతుంది. పని సగానికి పైగా అయినట్టే అనిపిస్తుంది. ఇంటికొచ్చి చూస్తే మగ్గం చప్పుడులో మనిషి మాట వినబడదు. ఇంటర్వ్యూ మళ్లీ తీయాలి. చెప్పిన మాటలన్నీ కాగితం మీదికి ఎక్కించాలి. తర్వాత ఎడిటింగు, సబ్‌టైటిళ్లు, రెండరింగు. ముడి ఫుటేజీ కూడా పంపమంటే లెక్క ఇంకా పెరుగుతుంది. నిమిషానికి 100 ఎంబీ చొప్పున 20 నిమిషాల వీడియో 2 జీబీ అవుతుంది. సెకనుకు 4 మెగాబిట్ల వేగంతో అది పైకి ఎక్కడానికి గంట దాటుతుంది, అదీ మధ్యలో కరెంటో సిగ్నలో పోకుండా ఉంటే. రాత్రి 12 గంటల గడువుకు పదకొండున్నరకు అప్‌లోడ్ నొక్కినవాళ్లు పనంతా చేసి కూడా గడువు తప్పుతారు.

ఇలా తక్కువ లెక్క వేసుకోవడం పల్లె పిల్లలకో బద్ధకస్తులకో ప్రత్యేకం కాదు. కెనడాలో రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1994లో ఒక అధ్యయనం ప్రచురించారు. సిద్ధాంత వ్యాసం రాస్తున్న విద్యార్థులను ఎన్నాళ్లలో ముగిస్తారని అడిగారు. వాళ్లు చెప్పింది సగటున 33.9 రోజులు. పట్టింది 55.5 రోజులు. చెప్పిన వ్యవధిలోపు ముగించినవాళ్లు మూడో వంతు కూడా లేరు. ముందున్న పనిని ఊహించుకునేటప్పుడు మనిషి అంతా సవ్యంగా సాగిపోతున్నట్టే ఊహించుకుంటాడు. పోయినసారి ఎన్నాళ్లు పట్టిందో గుర్తుకు తెచ్చుకోడు.

ఈ లెక్క తప్పకుండా వేయగలిగేవాళ్లు ఎమ్మిగనూరులోనే ఉన్నారు. మాచాని సోమప్ప చొరవతో 1938లో చేనేత సహకార సంఘం మొదలైన ఊరు ఇది. బయటివాళ్లకు నేత అంటే నాడె ఆడే చప్పుడే. దానికి ముందు పడుగు సిద్ధం చేయాలి, గంజి పట్టించాలి, కండెలు చుట్టాలి. పాత పడుగు కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటే అతకాలి. అవి వేలల్లో ఉంటాయి. ఇంటిల్లిపాదీ చేసే ఆ పనినంతా కలుపుకున్నాకే నేతగాడు చీర ఫలానా రోజు ఇస్తానని మాటిస్తాడు. విద్యార్థి తనకు తాను చెప్పుకునే తేదీలో నేత ఒక్కటే ఉంటుంది, అతుకు ఉండదు.

ఆ అతుకు పనిని రోజుకింత చేసుకునే వీలు ఆంధ్రప్రదేశ్ డిగ్రీ చదువులోని కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో ఉంది. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలల్లో 180 గంటలు ఊళ్లో పనిచేయాలి. దాని రికార్డు పుస్తకంలో వారానికొక పట్టిక: తేదీ, ఆ రోజు చేసిన పని, నేర్చుకున్నది, సంతకం. వారం చివర ఒక నివేదిక. ఏ రోజుది ఆ రోజు నాలుగు ముక్కలు రాస్తే ఆఖరున రాయాల్సిన నివేదిక సగం తయారై ఉంటుంది. అన్ని వారాలూ ఒకే రాత్రి, ఒకే పెన్నుతో నింపితే మాత్రం పుస్తకం నిండుతుంది, ఊరు జ్ఞాపకంలోంచి జారిపోతుంది. ఏ ఇంటి అరుగు మీద ఏ మాట విన్నారో రెండు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. చిత్రం తీసే విద్యార్థికి ఆ మాటే పెట్టుబడి.

గడువును కచ్చితంగా ఉంచుతూనే కష్టమైన వారానికి చోటు వదలొచ్చని ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సులు చూపించాయి. 12 వారాల కోర్సులో వారం వారం అసైన్‌మెంటు ఉంటుంది, దాని తేదీ కదలదు. మార్కులకు మాత్రం 12లో మేలైన 8 మాత్రమే తీసుకుంటారు. జ్వరమొచ్చిన వారం, ఇంట్లో పెళ్లయిన వారం, పత్తి తీతకు పోవాల్సి వచ్చిన వారం లెక్కలోంచి తప్పుకోవచ్చు. ఎవరూ సాకు చెప్పక్కర్లేదు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. పేదింటి పిల్లలకు ఈ గౌరవం చాలా ముఖ్యం. ఇంటి కష్టాన్ని అందరి ముందూ విప్పి చెబితేనే గడువు పెంచుతామంటే చాలామంది నోరు మెదపరు, మార్కులే వదులుకుంటారు.

ఆదోని, ఎమ్మిగనూరు కాలేజీల్లో గడువును ఇలా మలచడానికి కొత్త జీవో అక్కర్లేదు. ఒక్క ఆఖరు తేదీ బదులు నాలుగు చిన్న తేదీలు పెట్టొచ్చు: అంశం మీద ఒక పేజీ, ఇంటర్వ్యూల రాత ప్రతి, చిత్రం తొలి కూర్పు, ఆ తర్వాత పూర్తి ప్రతి. ఏ ఇంట్లో ఫోను ఒక్కటే ఉంది, ఎవరు రోజూ పల్లె నుంచి బస్సులో వస్తున్నారు, ఎవరి అమ్మానాన్నలు సుగ్గిలో ఉన్నారు అన్నది పేర్లు చదవకుండా చీటీల మీద రాయించుకోవచ్చు. దానికి ఒక పీరియడ్ పడుతుంది. ఆ పీరియడ్ తేదీలు ప్రకటించక ముందే జరగాలి. మార్కుల జాబితా వేసే రోజున ఆ చీటీలు చూసినా ఆ పిల్లలకు ఒరిగేదేమీ లేదు.