తీర్పు చెప్పే హక్కు

నేరం చేసినవానిని శిక్షింపవలెనన్న కోరిక మనిషికి సహజం. ఆ కోరికలో ధర్మమెంత, క్రోధమెంత అని విడదీసి చూడడమే దుష్కరం. జర్మన్ భాషలో చిత్రాలు తీసి, పిదప అమెరికాకు వలసపోయిన ఫ్రిట్జ్ లాంగ్ (1890–1976) కృతులను విడివిడిగా చూచినవారికి అవి నేరకథలుగానే తోచవచ్చు. వరుసగా చూచినప్పుడు మాత్రం ఈ ఒక్క ప్రశ్నే వేషం మార్చుకొని మాటిమాటికీ ఎదురవుతుంది.

1931లో వెలువడిన ‘ఎమ్’ చిత్రంలో పసిపిల్లలను చంపే హంతకుడొకడు మహానగరాన్ని గడగడలాడిస్తాడు. హత్య తెరపై కనబడదు. బిడ్డ కొరకు తల్లి సిద్ధపరచిన ఖాళీ పళ్లెం, దొర్లి ఆగిన బంతి, తీగలకు చిక్కుకొన్న గాలిబుడగ, అంతే. (నెత్తురు చూపనిదే భయం పుట్టదనుకొనేవారు ఈ ఘట్టాన్ని ఒకమారు చూడవలె.) పోలీసుల సోదాలవల్ల తమ వృత్తి సాగక విసిగిన దొంగలు, బిచ్చగాళ్ల సాయంతో అతనిని పట్టుకొని, పాడుపడిన సారాబట్టీలో న్యాయస్థానం నెలకొల్పుతారు. ఆ సభాధ్యక్షుడు తానే హత్యానేరాలపై పోలీసులు వెతుకుతున్నవాడు! పీటర్ లోరే ధరించిన హంతకుడు మోకరిల్లి, తనను లోపలినుండి ఏదో తరుముతున్నదనీ, వారు మాత్రం ఇష్టపడే నేరాలు చేస్తున్నారనీ ఆక్రోశిస్తాడు. అతని మాటలో సత్యమున్నది. ఇచ్ఛ లేనిచోట అపరాధమున్నదా? లేదంటే, బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఏమని చెప్పవలె? లాంగ్ సమాధానమివ్వడు. అసలు న్యాయమూర్తుల తీర్పు మనకు వినబడదు. ఏ శిక్షా పిల్లలను తిరిగి తేదన్న తల్లి మాట మాత్రమే వినవస్తుంది.

అమెరికాలో 1936లో తీసిన ‘ఫ్యూరీ’లో గుంపు ఒక నిరపరాధిని చెరసాలతో సహా దగ్ధం చేయజూస్తుంది. అతడు బ్రతికి, రహస్యంగా దాగి, తనను చంపిన నేరానికి 22 మంది ఉరికంబం ఎక్కవలెనని కోరుతాడు. గుంపును అసహ్యించుకొన్న ప్రేక్షకుడే అతనితోపాటు ఆ ఉరిని వాంఛిస్తాడు. తాను ఎప్పుడు ఆ గుంపులో చేరినాడో అతనికే తెలియదు.

లోరే యూదుడు. 1940లో నాజీలు ఒక ప్రచారచిత్రంలో ఆ ఆక్రోశదృశ్యాన్నే కత్తిరించి చేర్చి, నటుడు పలికిన మాటలను యూదజాతి నేరానికి సాక్ష్యంగా చూపినారు. ఆ మాటలను లాంగ్‌తో కలిసి రచించిన ఆయన భార్య థియా ఫాన్ హార్బో, 1933లో ఆయనతో విడిపోయిన పిదప జర్మనీలోనే ఉండి నాజీపక్షంలో చేరినది. ఆమెను దోషి అనడం సులభం. ఆమె తరువాత ఒక భారతీయుని వివాహమాడినది. ఆ దేశంలోని భారతీయులకు సాయపడుటకే పక్షంలో చేరితినని చెప్పుకొన్నది. నమ్మవలెనా, వద్దా?

ఆమె 1954లో మరణించినది. ఆ తరువాత లాంగ్ మన ఉదయపూర్‌కు వచ్చి చిత్రీకరణ జరిపి, 1959లో విడుదల చేసిన రెండు చిత్రాలకు మూలం ఆమె నవలే.