పళ్లు బిగించడం అన్నిటికన్నా చివర



ధమ్మ బంధువులారా, వరికుంటపాడు రోడ్డు పక్కన ట్రాక్టర్ మెకానిక్ దగ్గర ఎప్పుడైనా ఓ గంట కూర్చున్నారా? గేరుబాక్సు ఆయిలు మార్చాలంటే అడుగున ఉండే డ్రెయిన్ బోల్టు ముందు ఊడాలి. బురద, తుప్పు పట్టి అది బిగుసుకుపోయి ఉంటాది. మన జిల్లా సముద్రం ఒడ్డు పాళేల్లో పడవ మోటార్లకు ఇంకా కష్టం. అక్కడ గేరుబాక్సు అల్యూమినియం, బోల్టు స్టీలు, నడుమ ఉప్పునీళ్లు. రెండు లోహాలూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి.

పని కొత్తగా నేర్చుకునే పిల్లోడు ఏం చేస్తాడు? దొరికిన స్పానర్ తగిలించి, దానికి పైపు తొడిగి వేలాడతాడు. బోల్టు మూలలు అరిగి గుండ్రమైపోతాయి, లేదా తల తెగి చేతికొస్తుంది. పది నిమిషాల పని రెండు రోజులకు పోతుంది. చెయ్యి తిరిగిన మేస్త్రీ మాత్రం ముందు తీగల బ్రష్షుతో చుట్టూ మట్టి గీకుతాడు. డీజిలు పోసి టీ తాగడానికి పోతాడు. వచ్చి, ఆరు మూలలూ పట్టే రింగు స్పానర్ వేసి, సుత్తితో తల మీద సన్నగా తడతాడు. అదురుకు డీజిలు మరల్లోకి దిగుతుంది. ఇంకో విచిత్రం చూడండి, విప్పాల్సిన బోల్టును ముందు కాస్త బిగిస్తాడు! తుప్పు పట్టు వదిలేది అప్పుడే. ఆ తర్వాత పావు చుట్టు విప్పి, మళ్లీ వెనక్కి తిప్పి, మళ్లీ డీజిలు. మంటతో కాల్చడం, డ్రిల్లింగు అన్నీ అయిపోయాకే.

మజ్ఝిమ నికాయం 20వ సుత్తంలో, వితక్కసంఠాన సుత్తంలో, భగవానుడు చెడు తలంపులను తొలగించుకునే అయిదు ఉపాయాలు చెప్పాడు. మొదటి ఉపాయానికి పోలిక వడ్రంగి పనే: నేర్పరి వడ్రంగి సన్నచీలతో మొద్దుచీలను ఊడగొట్టినట్టు, మంచి తలంపుతో చెడ్డదాన్ని తప్పించాలి. రెండోది దానివల్ల వచ్చే కీడును తలచుకోవడం. మూడోది దాన్ని పట్టించుకోకపోవడం. నాలుగోది మెల్లమెల్లగా నెమ్మది పరచడం. పళ్లు బిగించి బలవంతంగా అణచడం అయిదోది, ఆఖరిది. మనం దాన్నే మొదట పెడుతున్నాం.

నా సంగతే చెబుతా. 22 ప్రతిజ్ఞలు చేసిన రోజు సాయంత్రమే ఇంటికొచ్చి మా అమ్మ గూట్లోని అమ్మవారి పటం తీసి చెత్తకుప్పలో పారేశాను. గొప్ప పని చేశాననుకున్నా. అమ్మ ఒక్క మాట అనలేదు. చెల్లి ఇంటికి పోయి మూడు నెలలు రాలేదు. వచ్చేటప్పుడు చేతిలో కొత్త పటం.

అంటే దొర ముందు కూడా ఓపిక పట్టమనా? కాదు. ఆ తప్పుడు అర్థం తీయొద్దు. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు, చెరువులోకి దిగి నీళ్లు తాగాడు. నీళ్లు మన హక్కు, హక్కుకు ఎదురుచూపు లేదు. కానీ అదే మనిషి, హిందువుగా చావనని యేవలాలో 1935 అక్టోబర్ 13న ప్రకటించి, దీక్ష తీసుకుంది 1956 అక్టోబర్ 14న. 21 ఏళ్లు! తన మనసుకూ, తన జనం మనసుకూ అంత గడువిచ్చినాయన, మా అమ్మకు నేను ఒక్క పూట కూడా ఇవ్వలేదు.

తర్వాత నేను చేసింది చిన్న పనే. రోజూ సాయంత్రం అన్నం తిన్నాక బాబాసాహెబ్ జీవితం రెండు పేజీలు చదివి వినిపించేవాణ్ని. బడిలో కుండ ముట్టనివ్వని సంగతి వచ్చినప్పుడు అమ్మ చదవడం ఆపమంది. గుడి బయట నిలబడి కొబ్బరికాయ లోపలికి అందించిన తన చిన్ననాటి సంగతులు ఆ రాత్రి మొదటిసారి చెప్పింది. నేను మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు.

పటం ఇంకా గూట్లోనే ఉంది. ఈ ఏడు జాతరకు మాత్రం పోతును పంపలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆమే చెప్పింది: "దాన్ని అమ్మి మనవరాలికి పుస్తకాలు కొను."